పెదవుల మీద ఇంగ్లీషు

ఆమె పెదవులు కదులుతున్నాయి, నాకు అర్థం కావడం లేదు, కాబట్టి ఏదో దాస్తోంది. ఆ ఏడు వానాకాలం మొదలైన రోజున, మూడో వరుసలో నా మగ్గాల మధ్య నిలబడి నేను చేసిన తర్కం ఇంతే. ఇప్పుడు చెబుతుంటే పసిపిల్లల లెక్కలా ఉంది గాని, అప్పుడది గోడంత గట్టిగా కనిపించింది. ఎందుకంటే మా షెడ్డులో నేను చదవలేని పెదవి లేదు.

నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే అక్కడ మనిషి గొంతుకి విలువ లేదు. పోగు మోసే నాడె ఇటు నుంచి అటు కొట్టుకునే ఆ మోతలో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా ఊపిరి తగులుతుంది గాని మాట తగలదు. అందుకని పనిలో చేరిన ఆర్నెల్లకే అందరం పెదవులు చదవడం నేర్చుకుంటాం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఈత వచ్చినట్టు వస్తుంది. అందులో నేను కాస్త ఘటికుణ్ణి. ఆ చివర దారం కండెలు చుట్టే ఆడవాళ్ళు అత్తగార్ల మీద చెప్పుకునే కబుర్లకి ఈ చివర నేను నవ్వేవాణ్ణి. మేనేజరు తన గాజు గదిలో ఫోను పట్టుకుని ఎవరిని బతిమాలుతున్నాడో వరసవాళ్ళకి చెప్పేవాణ్ణి.

నా పెళ్ళి కూడా అలాగే కుదిరింది. నలభై అడుగుల దూరం నుంచి, చప్పుడు చెయ్యకుండా, నన్ను చేసుకుంటావా అని అడిగాను. ఆమె నింపాదిగా కండె మార్చి, దారం తెంపి, తల ఎత్తి, "ముందు నీ పోగు తెగింది, చూసుకో" అంది. మగ్గాల మధ్య నన్ను నువ్వు అనేది. షెడ్డు దాటి బయటికొచ్చి గొంతుతో మాట్లాడేటప్పుడు మీరు అనేది. పెళ్ళయిన పదిహేడేళ్ళకి కూడా అది మారలేదు. పెదవులతో నువ్వు, గొంతుతో మీరు. ఇద్దరు పెళ్ళాలున్నట్టుండేది నాకు. నిజం చెప్పాలంటే మొదటావిడంటేనే ఎక్కువ ఇష్టం.

ఆ రోజు మొదటావిడ ఎవరితోనూ మాట్లాడడం లేదు. కండెల మీదికి వంగి తనలో తనే ఏదో అంటోంది. ఒక్క ముక్క కూడా నాకు అందలేదు. పై పళ్ళతో కింది పెదవిని పట్టుకుని వదిలేస్తోంది. మన మాటల్లో అంత పని ఉండదు. పైగా ప్రతి మాటకీ చివర నోరు మూసుకుపోతోంది. మన మాట చివర నోరు తెరిచే ఉంటుంది, ఎవరైనా లోపలికి రావచ్చన్నట్టు. అవి అలా లేవు. అన్న వెంటనే తలుపు వేసుకుంటున్నాయి.

గేటు దాటాక గొడుగు విప్పుతూ అడిగాను.

"ఏంటి, కండెలకి కథ చెబుతున్నావు?"

"ఏం లేదండీ. ఊరికే."

పదిహేడేళ్ళలో ఆమె నాకు ఊరికే అని జవాబు చెప్పడం అదే మొదటిసారి అనిపించింది. నిజానికి కాకపోవచ్చు. అనుమానం వచ్చినవాడికి పాత జవాబులన్నీ కొత్తగా వినిపిస్తాయి.

ఆ ఏడు వాన చాలా మెత్తగా కురిసేది. మాది రేకుల ఇల్లు. వానాకాలమంతా డప్పు వాయించినట్టు ఉండేది పూర్వం. ఆ ఏడు మాత్రం చినుకులు దూది పడినట్టు పడుతున్నాయి. మా అమ్మతో ఆ మాటే అన్నాను. ఆవిడ చింకి దుప్పటికి మాసిక వేస్తోంది. సూది ఆపి, "మెత్తగానా?" అని నా ముఖంలోకి చూసింది. తర్వాత మళ్ళీ కుట్టుకుంది. డెబ్బై దాటింది కదా, అన్నీ రెండుసార్లు చెప్పాలి కాబోలు అనుకున్నాను.

*

మా ఇంట్లో బీరువా తలుపుకి నిలువుటద్దం ఉంది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం, నేను స్నానం చేసి గదిలోకి వస్తుంటే, ఆమె ఆ అద్దం ముందు నిలబడి ఉంది. వీపు నా వైపు, ముఖం అద్దంలో. అదే వరస. పళ్ళు పెదవిని పట్టుకోవడం, వదలడం, నోరు మూసుకోవడం. శబ్దం లేదు. శబ్దం లేకుండా నోరు కదపడం షెడ్డులో మర్యాద. ఇంట్లో అదేమిటి? నాలుగు గోడల మధ్య, నేను అటు వెళ్ళిన సమయం చూసుకుని, గొంతు మింగేసి ఎవరితో మాట్లాడుతుంది మనిషి?

"ఎవరితో?" అన్నాను.

అద్దంలోనే నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఎవరితో ఏంటండీ. పాట నేర్చుకుంటున్నా."

"పాటకి గొంతుండాలి కదా. ఉత్త నోరు ఆడిస్తే పాటవుతుందా?"

ఆమె నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఆ చూపుని నేను పట్టుబడ్డవాళ్ళ చూపు కింద జమకట్టాను. తర్వాత చాలా రోజులు దాన్ని పదేపదే తీసి చూసుకున్నాను. ప్రతిసారీ అందులో తప్పు మరికాస్త పెద్దదిగా కనిపించేది.

"అవుతుందిలెండి," అంది చివరికి. "నేర్చుకుంటే అవుతుంది." ఒక్కో మాటా విడదీసి, పెదవులు బాగా తెరిచి అంది, పసివాడికి నచ్చచెప్పినట్టు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

వంటింట్లోంచి మా అమ్మ తొంగి చూసి ఏదో అంది. ఆమె అటు తిరిగి ఏదో అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరాడవాళ్ళు అలా చూసుకుంటే మధ్యలో మగవాడి గురించే అని ఎవరికైనా తెలుస్తుంది. ఏ సంగతి అన్నదే తెలియాలి.

*

నా పక్క మగ్గాలవాణ్ణి మేమంతా రేడియో అనేవాళ్ళం. ఆపడానికి బటను లేదని. కొత్త షెడ్డు సంగతి మొదట చెప్పింది వాడే, క్యాంటీనులో, టీలో బిస్కెట్టు ముంచుతూ.

"నాడె లేదంటన్నా ఆ మగ్గాలకి. గుండీ నొక్కితే చాలంట. చప్పుడు మన వాటిలో సగం కూడా లేదు, పక్కోడు తుమ్మితే వినపడుద్దంట. మిషన్లతో పాటు ఒక ఫిట్టరు కూడా దిగాడు. మన భాష ముక్క రాదు. అంతా ఇంగ్లీషే."

"ఇంగ్లీషొస్తే మగ్గం ఆడుద్దా?"

"ఆడేది లేనిది ఆయనే తేలుస్తాడు. ఒక్కొక్కళ్ళం ఒక్కో రోజు ఆయన పక్కన నిలబడాలంట. చెప్పింది చెప్పినట్టు చేస్తే కొత్త షెడ్డు. లేదంటే గోడౌను, మూటలు కుట్టుకోడం."

నేను టీ తాగుతున్నాను. ఈ మధ్య క్యాంటీనులో కూడా అందరూ షెడ్డులో లాగే పెదవులతో మాట్లాడుకుంటున్నారని, అలవాటు ఎంత చెడ్డదోనని నాలో నేను అనుకుంటున్నాను. అందుకే రేడియో ముఖం మీంచి చూపు తిప్పేవాణ్ణి కాదు. అందుకే వాడు తర్వాత అన్నది తప్పించుకోలేకపోయాను.

"వదినకి మాత్రం ఏం భయం లేదులే. నిన్న ఆ ఫిట్టరుతో మాట్లాడతా ఉంది, కొత్త షెడ్డు తలుపు దగ్గర. ఇంగ్లీషులో నవ్వింది కూడా."

"నవ్వులో ఇంగ్లీషేంట్రా?"

"ఉంటదన్నా. పళ్ళు తక్కువ కనపడతయ్."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మధ్య నాకు బాగా అలవాటైన పని అది. అందరూ నవ్వినప్పుడు నవ్వడం, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఆమె తనంతట తనే చెబుతుందని చూశాను. కొత్త షెడ్డు గురించి గాని, ఫిట్టరు గురించి గాని ఒక్క మాట. వీధి మలుపు దాకా చూశాను, గుమ్మం దాకా చూశాను. ఆమె నాకు ఎడమ పక్కన నడిచేది ఎప్పుడూ. ఆ రోజు అటు నుంచి ఇటు వచ్చి కుడి పక్కన నడిచింది. చెప్పకపోవడం ఒక రుజువు, పక్క మారడం ఇంకొకటి.

*

పుస్తకం ఆదివారం దొరికింది. ఆమె రేషనుకి వెళ్ళినప్పుడు ట్రంకు తెరిచాను. వెతుకుతున్నానని నాకు నేను ఒప్పుకోలేదు. స్వెటరు కోసం అనుకున్నాను. స్వెటరు కిందే ఉంది. సగం అట్ట చిరిగిపోయిన ఇంగ్లీషు సంభాషణల పుస్తకం. అట్ట మీద ఇద్దరు మనుషులు చేతులు కలుపుకుంటున్నారు. చిరుగు సరిగ్గా ఒకడి తల మీదుగా పోయింది.

లోపల మూడు వరుసలు. మొదట ఇంగ్లీషు, పక్కనే అదే మాట తెలుగు అక్షరాల్లో, దాని పక్కన అర్థం. అర్థం కూడా మనుషులు మాట్లాడే తెలుగు కాదు. 'తమరు క్షేమమా? నేను క్షేమము. ఈ శకటము ఎన్ని గంటలకు బయలుదేరును?' పలకరింపులు, స్టేషనులో, డాక్టరు వద్ద, క్షవరశాలలో, ఉపకారము కోరుట, క్షమాపణ. నాకు ఇంగ్లీషు రాదు. కానీ మూడో వరుస చాలు. ఎందుకంటే ఆమె కొన్ని మాటల కింద పెన్సిలుతో గీతలు గీసుకుంది.

'విల్ యూ డూ మీ ఎ ఫేవర్? తమరు నాకొక ఉపకారము చేయుదురా?'

'హీ డజ్ నాట్ నో ఇట్ యెట్. అతనికి ఇంకను తెలియదు.'

'లెట్ ఇట్ బి బిట్వీన్ అస్. ఇది మన ఇరువురి నడుమనే యుండనిమ్ము.'

ట్రంకు అంచు మీద కూర్చున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు. బాధ కంటే ముందు ఒక రకం తృప్తి కలిగింది. చూశావా, నేను అనుకున్నదే, అనే తృప్తి. అనుమానించేవాడికి భార్య కంటే అనుమానం దగ్గరి చుట్టం. అది గెలిస్తే వాడు ఓడినట్టని వాడికి వెంటనే తట్టదు. అది కాస్త ఆగి తట్టింది.

అన్నిటికంటే ఒత్తుగా, కాగితం చిరిగేంతగా ఒక మాట కింద గీతలున్నాయి. క్షమాపణ పాఠంలో. 'ఐ బెగ్ యువర్ పార్డన్.' దాని అర్థం చూడలేదు. క్షమాపణ దేనికో నాకు తెలుసనుకున్నాను. పుస్తకం ఉన్నచోట పెట్టి, మీద స్వెటరు కప్పాను. ఆమె వచ్చాక మామూలుగానే ఉన్నాను. మామూలుగా ఉండటంలో నా అంత చేయి తిరిగినవాడు ఉండడు.

*

కొత్త షెడ్డుకీ మా షెడ్డుకీ మధ్య గోడలో పెద్ద అద్దాల కిటికీ ఉంది. మధ్యాహ్నం మగ్గాలకి నూనె వేసేటప్పుడు అక్కడ నిలబడటానికి నాకొక సాకు దొరికేది. మూడో రోజున దొరికారు ఇద్దరూ. ఆమె చేతిలో కండెల బుట్ట. ఎదురుగా ఫిట్టరు, యాభై ఏళ్ళ మనిషి, నీలం చొక్కా, మూతి మీద నోటిని పూర్తిగా కప్పేసిన తుప్ప మీసం. దాని వెనక పెదవులున్నాయో లేవో కూడా తెలియదు. జీవితంలో మొదటిసారి నేను కళ్ళు పెట్టుకుని కూడా ఏమీ వినలేకపోయాను.

ఆమె మాట్లాడుతోంది. ఆగి, వెతుక్కుని, మళ్ళీ మాట్లాడుతోంది. చెయ్యెత్తి తన చెవిని ముట్టుకుంది. తర్వాత వేలితో మా షెడ్డు వైపు, సరిగ్గా మూడో వరస వైపు చూపించింది. ఫిట్టరు అటు చూశాడు. తలూపాడు. నేను నూనె డబ్బాతో సహా స్తంభం వెనక్కి జరిగాను.

చెవి. ఆ రోజంతా ఆ చెవి నా బుర్రలో తిరిగింది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఆమె చెవుల వంకే చూశాను. పాత దుద్దులే. కొత్తవేమీ లేవు.

"అలా చూస్తున్నారేంటి?"

"చెవులకేమైంది?" అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఎవరి చెవులకి?"

"నీ చెవులకి. మధ్యాహ్నం ముట్టుకుంటుంటే చూశాలే."

"నా చెవులు బాగానే ఉన్నాయి," అంది.

మా అమ్మ గోడ వైపు తిరిగి మంచినీళ్ళు తాగింది, చాలాసేపు.

అది గురువారం. సోమవారం నాడు ఫిట్టరు మీసం లేకుండా వచ్చాడు.

అద్దాల కిటికీ దగ్గర సగం షెడ్డు గుమిగూడింది. ఆ మనిషి పై పెదవి అంతకాలం ఎండ ఎరగక తెల్లగా, కొత్తగా ఉంది. రేడియో నా వైపు తిరిగి పెదవులతోనే అన్నాడు, "మీసం గోవిందా అన్నా. ఆ వయసులో మగోడు ఊరికే తియ్యడు. ఎవరో ఆడమనిషి అడిగుండాలి." అని నా ముఖం చూసి ఆగిపోయాడు. వాడు ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చివర ఆమె కండెలు చుట్టడం ఆపి కిటికీ వంక చూస్తోంది. నవ్వుతోంది. నేను చూస్తున్నానని గమనించి, చప్పున చేత్తో నోటిని మూసుకుంది.

పెదవులు చదివేవాడి ముందు నోటికి చెయ్యడ్డం పెట్టుకోవడమంటే వాడి ముఖం మీద తలుపెయ్యడమే. మిగతా రోజంతా నేను ఎన్ని పోగులు తెంపానో నాకు తెలియదు.

*

తర్వాతి వారం ఆమెది పొద్దుటి షిఫ్టు, నాది మధ్యాహ్నం. రెండో రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి నాలుగింటికే బయటపడ్డాను. వాన దంచుతోంది. గొడుగు ఉండి కూడా తడిసిపోయాను. ఇంటికెళ్ళి ఏం చూడాలనుకున్నానో చెప్పలేను. ఎవరో ఒకరు ఉండాలనుకున్నాను. ఉంటే నేను పిచ్చివాణ్ణి కానని తేలుతుంది.

మా అమ్మ వసారాలో కూర్చుని దుప్పటికి మాసిక వేస్తోంది. ఆమె లోపలి గదిలో, అద్దం ముందు, ఒక్కతే. వాకిట్లోంచే అద్దంలో ముఖం కనిపిస్తోంది. నోరు ఎప్పటికంటే పెద్దగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చేతిలో పుస్తకం. శబ్దం లేదు. అమ్మ తప్ప ఎవరూ లేని ఇంట్లో, నేను లేనని తెలిసి కూడా గొంతు దాచుకుంటోంది. ఇక అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, ఇది రోజూ ఇలాగే ఉత్త నోరు ఆడిస్తోందా?"

మా అమ్మ తల ఎత్తి నా ముఖానికి ఎదురుగా చూసింది.

"ఉత్త నోరేంట్రా. వీధి చివరిదాకా వినిపిస్తోంది. నెల రోజులబట్టీ నా ప్రాణం తోడేస్తోంది ఆ చదువుతో. నాక్కూడా నోటికొచ్చేసింది." అని సూది దుప్పట్లో గుచ్చి, వేలితో తాళం వేస్తూ అప్పజెప్పింది. "ప్లీజ్ ట్రిమ్ ది మస్టాష్. మీసము కొంచెము కత్తిరింపుము. అదేగా?"

నేను గొడుగు మూసి గోడకి ఆనించాను.

"క్షవరం పాఠంలోదట. పాపం ఆ పెద్దమనిషి పడీ పడీ నవ్వాడట. ఎందుకమ్మా అంటే, ఇది చెప్పిందట, మా ఆయన మాట పెదాల్లోంచి వింటాడు, మీ పెదాలు కనపడట్లేదూ అని. సోమవారానికల్లా తీయించేసుకున్నాడు. నయం, మంచివాడు."

వసారా చూరు పక్కన వంటింటి రేకు ఉంది. దాని మీద చినుకులు పడి జానెడెత్తు ఎగురుతున్నాయి. ఒకటి పడుతోంది, చిట్లుతోంది, ఎగురుతోంది. దూది పడినట్టు పడుతోందని నేననుకున్న వాన అదే.

ఆమె ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో ఉంది. పుస్తకం మూసి వేలు మధ్యలో పెట్టుకుంది.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"పాట రోజు ఖాయమైంది. గట్టిగానే చదువుతున్నా ఆ రోజు. అంతకుముందు అనుమానం." అనుమానం అన్న మాట ఆమె నోట విని నాకు సిగ్గేసింది. అది నా ఒక్కడి సొత్తనుకున్నాను.

"నాకు చెప్పలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశా."

"నాకు తెలిస్తేగా."

"నేనూ అదే అన్నా అత్తయ్యతో. ఆయనకింకా తెలీదూ అని. తెలుసూ, తెలీనట్టుంటాడు అంది."

మా అమ్మ దారం కొరుకుతూ తల ఎత్తలేదు. ఆవిడ మాటే నిజమేమోనని ఈరోజుకీ నాకనిపిస్తుంది. ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవాడికి ఎందుకు ఆలస్యమవుతోందో తెలియకుండా ఉంటుందా? పాత షెడ్డులో అందరం చెవిటివాళ్ళమే, కాబట్టి ఎవరం చెవిటివాళ్ళం కాదు. ఆ మోత కప్పేసిందంతా బయటపెట్టడానికే ఆ కొత్త షెడ్డు వస్తోంది. నాకు భయపడటానికి ఇంకేదో కావలసి వచ్చింది. అది ఆమె అయింది.

"పుస్తకం చూశారుగా," అంది ఆమె. "స్వెటరు బోర్లా కప్పారు. అప్పుడే అనుకున్నా."

"ఏమనుకున్నావు?"

"మీరు కూడా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారేమోనని."

మా అమ్మ భుజాలు ఊగడం మొదలైంది. ఆవిడ నవ్వుతోందని చూసి తెలుసుకున్నాను.

*

నా వంతుకి పదకొండు రోజులుంది. ఫిట్టరు మాటలన్నీ ఆమె ఒక కాగితం మీద రాసుకుని వచ్చింది. ముప్పై రెండు. ఆపు, నడుపు, ఎడమకి తిప్పు, పోగు చూడు, చెయ్యి తియ్యి. సాయంత్రాలు ఇద్దరం అద్దం ముందు నిలబడేవాళ్ళం. ఆమె అద్దంలో అనేది, నేను అద్దంలో చదివేవాణ్ణి. తలుపులు వేసుకునే ఆ మాటలకి కూడా సందులున్నాయని మెల్లగా తెలిసింది. పళ్ళు పెదవిని పట్టుకుంటే ఒకటి, నాలుక కొస కనిపిస్తే ఇంకొకటి. వారం తిరిగేసరికి ముప్పై అందాయి.

అద్దం ముందు గొంతు అక్కర్లేదు కాబట్టి ఆమె గొంతు వాడటం మానేసింది. దాంతో నువ్వు ఇంట్లోకి వచ్చేసింది. మా అమ్మ ఒక రోజు పసిగట్టింది. "మొగుణ్ణి పట్టుకుని నువ్వంటావేంటే?" అంది.

"పెదాలతోనే కదా అత్తయ్యా."

"నాకూ కళ్ళున్నాయి," అంది మా అమ్మ. కానీ ఇంకేమీ అనలేదు.

చివరి సాయంత్రం ఆమె క్షమాపణ పాఠం తెరిచి, కాగితం చిరిగేంతగా గీత గీసిన మాట మీద వేలు పెట్టింది. ఈసారి మూడో వరుస చదివాను. 'క్షమింపుము, మరల చెప్పుము.'

"మిగతావన్నీ చూసి లాగేస్తావు," అంది పెదవులతో. "ఇదొక్కటే నువ్వు అనాలి. గొంతుతో. పైకి."

"అవసరం రాదులే," అన్నాను.

ఆమె పుస్తకం మూసేసింది.

*

కొత్త షెడ్డు మంచు గదిలా ఉంది. నా అరికాళ్ళకి అలవాటైన వణుకు ఆ నేలలో లేదు. ముందు వారమే నెగ్గిన రేడియో అక్కడ మిషను నడుపుతున్నాడు. ఫిట్టరు నా ఎదురుగా, సరిగ్గా ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆమె చెప్పినట్టే. కొత్త పై పెదవి మీద చెమట. నెమ్మదిగా అన్నాడు, నేను చేశాను. మళ్ళీ అన్నాడు, చేశాను. ఆపాను, నడిపాను, పోగు చూశాను. గంటన్నర అలా గడిచింది. ఆయన ముఖంలో మెప్పు కనిపించడం మొదలైంది.

అప్పుడు అలవాటు కొద్దీ ఆయన మిషను వైపు వంగాడు. ఏదో గుండీ చూస్తూ, తల అటు ఉండగానే, ఏదో అన్నాడు. బుగ్గ కదలడం చూశాను. అంతే చూశాను. ఆయన వెనక్కి తిరిగి, నేను చేస్తానని ఎదురుచూస్తున్నాడు.

నా తల ఊగడానికి సిద్ధమైంది. దానికి నేను చెప్పనక్కర్లేదు. ఎన్నో నెలలుగా అదే చేస్తోంది. కాస్త నవ్వి, తలూపి, ఏదో ఒక గుండీ మీద చెయ్యి వేస్తే, సగంసార్లు సరిపోయేది. పెదవుల కొసలు అప్పటికే నవ్వులోకి సాగాయి.

అద్దాల కిటికీ అవతల ఆమె కండెల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. నాకు అందించడానికి ఆమె దగ్గర ఆ మాట ఉంది. పెదవి కదిపితే నేను చదివేసేవాణ్ణి. ఆమె కదపలేదు. రెండు పెదవులూ గట్టిగా బిగించుకుని నన్నే చూస్తోంది.

గుండీ మీంచి చెయ్యి తీశాను. ఆ చెయ్యి పైకెత్తి నా కుడి చెవిని ముట్టుకున్నాను.

"పార్డన్," అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. రెండు మిషన్ల అవతల రేడియో తల తిప్పి చూశాడు.